బేగంపేటకి తాళం వేసింది ఎవరు?

2025 ఫిబ్రవరి ఆఖర్లో వరంగల్ పక్కనున్న మామునూరు ఎయిర్‌పోర్టుకి కేంద్రం పచ్చజెండా ఊపింది. ఆ వార్తలో చాలామంది చూసీచూడనట్టు దాటేసిన ముక్క ఒకటుంది. కేంద్రం అనుమతికి ముందు, హైదరాబాదు ఎయిర్‌పోర్టుని నడిపే జీఎంఆర్ వాళ్ళ కంపెనీ "మాకు అభ్యంతరం లేదు" అని కాగితం ఇవ్వాల్సి వచ్చింది. మామునూరులో రన్‌వే నిజాం కాలంది. భూమి ప్రభుత్వానిది. కట్టబోయేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, అంటే అదీ ప్రభుత్వమే. మరి మధ్యలో ఒక ప్రైవేటు కంపెనీ ఒప్పుకోవడం ఎందుకు?

దీనికి జవాబు కావాలంటే శంషాబాదు ఎయిర్‌పోర్టు ఎలా పుట్టిందో చూడాలి. మనవాళ్ళు నలుగురు కూచుని బేగంపేట మాటెత్తితే సాధారణంగా రెండే వాదనలు వస్తాయి. "ఊరి మధ్యలో బంగారంలాంటి ఎయిర్‌పోర్టుని మూసేశారు, దుర్మార్గం" అని ఒకరు, "అది ఎయిర్‌పోర్టా, బస్టాండు కన్నా అన్యాయంగా ఉండేది" అని ఇంకొకరు. రెండిట్లోనూ నిజం ఉంది. అసలు గొడవ మాత్రం ఆ రెండిట్లోనూ లేదని నా అభిప్రాయం.

ముందు పాతదాని సంగతి. బేగంపేట 1930లలో మొదలైంది. ఏడో నిజాం హయాంలో హైదరాబాద్ ఏరో క్లబ్బు, 1937లో టెర్మినల్ భవనం, తర్వాత 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్. ఒక సంస్థానానికి సొంత విమాన సర్వీసు ఉండటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1953లో విమాన కంపెనీలన్నిటినీ జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. మనలో చాలామందికి గుర్తున్న బేగంపేట టెర్మినల్ ఆ పాతది కాదు, 1972లో రన్‌వేకి దక్షిణం వైపు కట్టింది.

కట్టినప్పుడు అది ఊరి బయట. తర్వాత ఊరే వచ్చి దాన్ని చుట్టుముట్టింది. ఒక పక్క రసూల్‌పురా, సికింద్రాబాదు, ఇంకో పక్క ఫతేనగర్, బాలానగర్, దక్షిణాన అమీర్‌పేట. రన్‌వే ఒక్కటే, సుమారు 3,200 మీటర్లు, దాన్ని వాయుసేనతో కలిసి వాడుకోవాలి. పొడుగు చాలకపోవడం కాదు సమస్య. రెండో రన్‌వేకి గానీ, విమానాలు నిలపడానికి గానీ చుట్టూ జానెడు జాగా లేదు. పైగా మన అమెరికా బ్యాచిలన్నీ అర్ధరాత్రి విమానాలకే వెళ్ళేవి. ఎక్కే మనిషి ఒక్కడు, సాగనంపడానికి గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో రెండు సుమోల జనం. పచ్చళ్ళ పెట్టె బరువెక్కువైందని అక్కడే నేలమీద విప్పి సర్దడం, వాళ్ళమ్మ ఏడవడం, పోలీసాయన విజిలెయ్యడం. ఆ దృశ్యం చూడనివాడు తొంభైల చివర్లో హైదరాబాదులో లేనట్టే.

2003లో ఎయిర్ డెక్కన్ వచ్చింది. చవక టిక్కెట్లు వచ్చాక రైల్లో వెళ్ళేవాళ్ళు విమానం ఎక్కడం మొదలెట్టారు. (ఆ కంపెనీ హైదరాబాదు నుంచి విజయవాడకి వేసిన తొలి విమానమే బేగంపేటలో టేకాఫ్ అవుతుండగా ఇంజన్లో మంటలొచ్చి ఆగిపోయింది. లోపల వెంకయ్య నాయుడుగారు ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు, కంపెనీకీ ఏమీ కాలేదు, జనం మళ్ళీ ఎక్కారు.) అప్పటికి కొత్త ఎయిర్‌పోర్టు ఆలోచన పుట్టి అయిదారేళ్ళయింది. పునాది రాయి మాత్రం ఇంకా పడలేదు.

ఆ ఆలోచన 1997-98 నాటిది. చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి, హైటెక్ సిటీ కడుతున్న రోజులు. 1998లో మూడు చోట్లు చూశారు: బొంగులూరు, నాదర్‌గుల్, శంషాబాదు. నాదర్‌గుల్‌లో శిక్షణ విమానాలు దిగే చిన్న ఎయిర్‌స్ట్రిప్ కూడా ఉంది. చివరికి శంషాబాదే ఎందుకు గెలిచిందంటే, ఒక పక్క బెంగుళూరు హైవే, ఇంకో పక్క శ్రీశైలం రోడ్డు, దగ్గర్లో మహబూబ్‌నగర్ వెళ్ళే రైలు మార్గం. ఈ రైలు మార్గాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

2000 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి అవగాహన ఒప్పందం రాసుకున్నాయి. ప్రైవేటు వాళ్ళతో కలిసి కట్టాలని అందులోనే ఉంది. అప్పటికి దేశంలో ఇలాంటి పనికి ఉదాహరణ అంటూ ఉంటే కొచ్చిన్ ఒక్కటే. అక్కడ నేవీ వాళ్ళ పాత ఎయిర్‌పోర్టు చాలక, నెడుంబాస్సేరిలో కొత్తది కట్టారు, 1999లో తెరిచారు. కేరళ ప్రభుత్వం, గల్ఫ్‌లో ఉన్న మలయాళీలతో సహా దాదాపు పదివేల మంది ప్రవాసులు తలా కాస్త వాటా పెట్టారు. మనకీ అమెరికా నిండా ఎన్నారైలున్నారు. కానీ మనం ఆ దారి పట్టలేదు, ఒకే పెద్ద కంపెనీని వెతుక్కున్నాం. ఆ రోజుల్లో మన వాళ్ళు తానా సభల్లో చందాలు పోగేసుకుని మరీ ఊళ్ళో బళ్ళూ గుళ్ళూ కట్టించారు కదా, ఎయిర్‌పోర్టులో వాటా అడిగితే ఇచ్చేవాళ్ళు కాదా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. సరే, అడగలేదు.

2002 డిసెంబరు నాటికి జీఎంఆర్, మలేషియా ఎయిర్‌పోర్ట్స్ జట్టు ఖాయమైంది. జీఎంఆర్ అంటే గ్రంధి మల్లికార్జునరావు, శ్రీకాకుళం జిల్లా రాజాం నుంచి జనపనార వ్యాపారంతో పైకొచ్చిన మనిషి. వాటాలు ఇలా పంచుకున్నారు: జీఎంఆర్‌కి 63 శాతం, మలేషియా వాళ్ళకి 11, రాష్ట్ర ప్రభుత్వానికి 13, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13. (మలేషియా వాళ్ళ 11 కూడా తర్వాత జీఎంఆరే కొనుక్కుంది.) 2003 సెప్టెంబరులో వాటాదారుల ఒప్పందం, రాష్ట్రం ఇచ్చే సాయం గురించి ఒప్పందం, భూమి లీజు ఒప్పందం. రాష్ట్రం 5,495 ఎకరాలు సమకూర్చి లీజుకిచ్చింది. అది కాక 107 కోట్లు గ్రాంటు, 315 కోట్లు వడ్డీ లేని అప్పు. మొత్తం ప్రాజెక్టు ఖర్చు అప్పటి లెక్కలో 2,478 కోట్లు. కంపెనీ కేంద్రానికి కట్టాల్సిన ఫీజు స్థూల ఆదాయంలో 4 శాతం, అదీ మొదటి పదేళ్ళది వాయిదా వేసి తర్వాత కట్టుకోవచ్చు.

ఈ 4 శాతం ఎంత తక్కువో తెలియాలంటే 2006లో ఢిల్లీ, ముంబై ఎయిర్‌పోర్టుల వేలం చూడండి. ఢిల్లీకి ఇదే జీఎంఆర్ ఒప్పుకున్న వాటా 45.99 శాతం. ముంబైకి జీవీకే ఒప్పుకున్నది 38.7 శాతం. అంటే హైదరాబాదులో మోసం జరిగిందనా? అలా తేల్చెయ్యడం కుదరదు. ఢిల్లీలో రన్‌వే ఉంది, టెర్మినల్ ఉంది, మొదటి రోజు నుంచీ జనం ఉన్నారు. శంషాబాదులో ఉన్నది బండరాళ్ళు, ద్రాక్ష తోటలు, కొన్ని పల్లెలు. ఆ పల్లెల వాళ్ళు అప్పుడు తీసుకున్న పరిహారానికీ, పదేళ్ళ తర్వాత అదే చుట్టుపక్కల గజం పలికిన ధరకీ పొంతన లేదు. దాని గురించి విడిగా రాయాల్సినంత ఉంది, ఇక్కడ ఒక్క ముక్కలో సరిపెడుతున్నందుకు నాకే బాగాలేదు.

ఇప్పుడు అసలు ఘట్టం. 2004 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వానికీ, కొత్త కంపెనీకీ మధ్య కన్సెషన్ ఒప్పందం జరిగింది. మన కథకి కావాల్సినవి అందులో రెండు విషయాలు. ఒకటి, కొత్త ఎయిర్‌పోర్టు తెరిచిన రోజు నుంచి బేగంపేటలో మామూలు ప్రయాణికుల విమానాలు ఉండకూడదు. వాయుసేన, వీఐపీల విమానాలు, అత్యవసరాలు తప్ప. రెండు, శంషాబాదు నుంచి గగన దూరంలో 150 కిలోమీటర్ల లోపల కొత్త ఎయిర్‌పోర్టు పెట్టడానికి గానీ, ఉన్నదాన్ని పెంచడానికి గానీ 25 ఏళ్ళ దాకా కేంద్రం ఒప్పుకోకూడదు.

జనం ఈ రెండిటినీ కలిపి ఒకటే అనుకుంటారు. నేను విడదీసి చూడాలంటాను.

మొదటిదాన్ని ముందు చూద్దాం. మీరు బ్యాంకు మేనేజరు అనుకోండి. ఒకాయన వచ్చి, ఊరికి పాతిక కిలోమీటర్ల అవతల ఎయిర్‌పోర్టు కడతా, రెండువేల కోట్లకి పైగా అవుతుంది, అప్పివ్వండి అన్నాడు. మీరు అడిగే మొదటి ప్రశ్న: ఊరి మధ్యలో ఉన్నది నడుస్తుంటే నీ దగ్గరికి ఎవరొస్తారయ్యా? ఎయిర్‌పోర్టుకి ఆదాయం తల లెక్కన వస్తుంది. విమానం దిగినందుకు ఫీజు, ప్రయాణికుడి మీద ఫీజు, షాపుల అద్దె, పార్కింగు, అన్నీ తలకాయలతో ముడిపడినవే. బెంగుళూరుకి గంట ప్రయాణం చేసే మనిషి ఎయిర్‌పోర్టు చేరడానికి గంటన్నర పెట్టడు, బేగంపేట తెరిచి ఉంటే అక్కడికే పోతాడు. దేశీయ ప్రయాణికులు అక్కడ, విదేశీ వాళ్ళు ఇక్కడ అని విడగొడితే ఇంకో తంటా. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి దిగి వైజాగ్ వెళ్ళాల్సినవాడు రెండు పెట్టెలేసుకుని మెహదీపట్నం ట్రాఫిక్కులో పడాలి. రెండు చోట్లా ఏటీసీ, రెండు చోట్లా భద్రతా సిబ్బంది, రెండు చోట్లా ఫైరింజన్లు. మన భాషలో చెప్పాలంటే, కొత్త సిస్టం కొన్నవాడు పాత సర్వర్ ఆపేస్తామని రాసిస్తే తప్ప డబ్బు పెట్టనన్నాడు. ప్యారలల్ రన్ లేదు, ఒకేసారి కటోవర్.

మరి రెండూ నడిపిన ఊళ్ళు లేవా అంటే, ఉన్నాయి. గోవాలో 2023 జనవరిలో మోపా మొదలైంది, నేవీ చేతిలో ఉన్న పాత దబోలిమ్ మూయలేదు. మోపా కట్టింది ఎవరనుకున్నారు? ఇదే జీఎంఆర్. నవీ ముంబైలో 2025 డిసెంబరులో విమానాలు మొదలయ్యాయి, పాత ముంబై ఎయిర్‌పోర్టు అలాగే ఉంది. కాబట్టి పాతది మూయకపోతే కొత్తది బతకదు అన్నది ప్రకృతి ధర్మం కాదు. ఎంత జనం ఉన్నారు, ఎవరు ఎంత రిస్కు తీసుకుంటారు అన్నదాని మీద ఉంటుంది. అయితే 2004 హైదరాబాదుని 2023 దేశంతో పోల్చడం న్యాయం కాదు. 2007-08లో బేగంపేట నుంచి తిరిగినవాళ్ళు ఏడాదికి 70 లక్షలకి అటూ ఇటూ. ఆ జనాన్ని రెండుగా చీలిస్తే రెండూ నీరసించేవి. లేదంటే రాష్ట్రం ఇంకో వెయ్యి కోట్లు పొయ్యాలి. అందుకని బేగంపేట మూత విషయంలో నేను అప్పటి వాళ్ళని పెద్దగా తప్పుపట్టను. చాలామంది పాత హైదరాబాదీ మిత్రులకి ఈ మాట నచ్చదని తెలుసు.

రెండోది వేరు. అది బ్యాంకు మేనేజరు భయానికి మందు కాదు. బేగంపేట మూసేస్తే చాలు, ఆ భయం తీరిపోతుంది. 150 కిలోమీటర్ల గీత ఏం చేస్తుందో లెక్క వేసి చూడండి. ఆ వృత్తం వైశాల్యం 70 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. తెలంగాణ మొత్తం కలిపితే లక్షా పన్నెండు వేలు. వృత్తంలో కొంత కర్ణాటకలో పడుతుంది, కొంత ఆంధ్రాలో. శ్రీశైలం లోపలే, నాగార్జునసాగర్ లోపలే. అక్కడెక్కడా పాతికేళ్ళు ఎవరూ ఎయిర్‌పోర్టు అనకూడదు. వరంగల్లో విమానం దిగితే శంషాబాదు దివాలా తీస్తుందని ఏ బ్యాంకు లెక్కగట్టి ఉంటుంది? బెంగుళూరు ఒప్పందం 2004 జులైలో, అంటే మనకన్నా ముందే జరిగింది. దాంట్లోనూ ఇదే 150 కిలోమీటర్లు, ఇదే పాతికేళ్ళు. కాకపోతే వాళ్ళు మైసూరు, హసన్‌లని మినహాయించమని రాయించుకున్నారు. మనవాళ్ళు వరంగల్‌ని మినహాయించమని ఎందుకు అడగలేదు? అడిగితే ఒక్క లైను. కాపీ పేస్టు చేసేవాడు కూడా పేరు మార్చేచోట కాస్త ఆగి చూసుకుంటాడు కదా.

మరి రాజకీయ పార్టీలు ఏం చేస్తున్నాయి? 2004 మేలో రాష్ట్రంలో తెలుగుదేశం పోయి కాంగ్రెస్ వచ్చింది, కేంద్రంలోనూ ప్రభుత్వం మారింది. 2003 ఒప్పందాలు ఒకరివి, 2004 సంతకం ఇంకొకరిది. రెండు పక్షాలకీ చెయ్యి ఉంది కాబట్టి రెండో పక్షాన్ని వేలెత్తి చూపే అవకాశం ఎవరికీ లేదు. అందుకని గొడవ వేరే దానిమీద పెట్టుకున్నారు: పేరు. బేగంపేటలో అంతర్జాతీయ టెర్మినల్‌కి రాజీవ్ గాంధీ, దేశీయ టెర్మినల్‌కి ఎన్టీ రామారావు పేర్లుండేవి. 2005 మార్చి 16న సోనియా గాంధీ శంషాబాదులో శంకుస్థాపన చేశారు. దానికి రెండు రోజుల ముందే మొత్తానికీ రాజీవ్ పేరు ప్రకటించారు. ఎన్టీఆర్ పేరు ఏమైందని తెలుగుదేశం మండిపడింది. మూడేళ్ళ తర్వాత ప్రారంభోత్సవం రోజు కూడా అదే గొడవ. 2014 నవంబరులో కేంద్రం దేశీయ టెర్మినల్‌కి ఎన్టీఆర్ పేరు పెడితే, ఈసారి తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. పదేళ్ళు పేరు గురించి కొట్టుకున్నారు. అందులో పదో వంతు కేక ఆ 150 కిలోమీటర్ల గీత మీద వేసి ఉంటే ఎలా ఉండేదో!

గీత మీద కాకపోయినా తాళం మీద కేకలు వేసినవాళ్ళు లేకపోలేదు. సీతారాం ఏచూరి అధ్యక్షుడిగా ఉన్న పార్లమెంటు స్థాయీ సంఘం పాత ఎయిర్‌పోర్టులు మూయొద్దంది. 2008 మార్చి 12, 13 తేదీల్లో దేశమంతటా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు, దాదాపు ఇరవై వేల మంది, బేగంపేట, బెంగుళూరు హెచ్ఏఎల్ మూసివేతలకి వ్యతిరేకంగా సమ్మె కట్టారు. వాళ్ళ భయం ఉద్యోగాల గురించి, అది న్యాయమైన భయమే. కానీ విచిత్రం చూడండి. వాళ్ళ సంస్థే 2003లో వాటాదారుగా సంతకం పెట్టింది, 13 శాతం పుచ్చుకుంది. కాగితం మీద సిరా ఆరి నాలుగేళ్ళయింది. రిక్వైర్‌మెంట్స్ సంతకాలైపోయి, కోడంతా రాసేసి, రేపు గో-లైవ్ అనగా యూజర్లు వచ్చి "అసలు పాత సిస్టం ఎందుకు తీసేస్తున్నారు?" అనడం మనలో చూడనివాళ్ళెవరు? యూజర్ల తప్పు కాదది. సంతకాల గదిలోకి వాళ్ళని పిలవలేదు.

బెంగుళూరులో ఈ గొడవ మనకన్నా గట్టిగా జరిగింది. ఐటీ కంపెనీలు ఎక్కువ, హెచ్ఏఎల్ వాళ్ళ ఆఫీసులకి దగ్గర, కొత్తది దేవనహళ్ళిలో ఊరికి అటు చివర. కోర్టుకి కూడా ఎక్కారు. అయినా 2008 మేలో హెచ్ఏఎల్‌లోనూ మామూలు విమానాలు ఆగిపోయాయి. హైదరాబాదులో మనం మటుకు కాస్త గొణిగి సర్దుకున్నాం.

2008 మార్చి 14న సోనియా గాంధీ కొత్త ఎయిర్‌పోర్టుని ప్రారంభించారు. మార్చి 22 రాత్రి బేగంపేట ఆగిపోయింది, తేదీ మారగానే 12 గంటల 1 నిమిషానికి శంషాబాదు మొదలైంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చే లుఫ్తాన్సా విమానం మొదట దిగాలని, దానికి స్వాగత సత్కారాలని అన్నీ ఏర్పాటు చేసుకున్నారు. తీరా రెండు స్పైస్‌జెట్ విమానాలు ముందే వచ్చి దిగిపోయాయి. అయినా సత్కారం మాత్రం 12:25కి జర్మనీ విమానానికే జరిగింది. పెళ్ళికి ముందొచ్చిన చుట్టాల్ని వదిలేసి కారులో వచ్చినాయనకి పన్నీరు చల్లినట్టు.

కట్టడం బాగానే కట్టారు, అందులో అనుమానం లేదు. మూడేళ్ళలో 4,260 మీటర్ల రన్‌వే, ఏడాదికి కోటీ ఇరవై లక్షల మందికి సరిపడే టెర్మినల్. ఈ దేశంలో ప్రభుత్వ పనులు ఎలా సాగుతాయో తెలిసినవాళ్ళకి అది చిన్న సంగతి కాదు. కట్టనిది దారి. గచ్చిబౌలి నుంచి శంషాబాదు దాకా ఔటర్ రింగ్ రోడ్డు 2008 నవంబరుకి గానీ రాలేదు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో తెరిచారు. అంటే ఏడాదిన్నర పాటు అత్తాపూరు, రాజేంద్రనగర్ ఇరుకుల్లోంచి విమానం పట్టుకోవాలి. (ఆ ఎక్స్‌ప్రెస్‌వే వల్ల ఇంకో లాభం కలిగింది. అత్తాపూరు వాళ్ళకి ఇంటి అడ్రసు చెప్పడం తేలికైంది. ఫలానా పిల్లర్ నంబరు దగ్గరికి రండి అంటే చాలు.)

ఇంక రైలు. 1998లో చోటు ఎంచుకున్నప్పుడు చెప్పిన కారణాల్లో రైలు మార్గం ఒకటన్నాను కదా. ఎంఎంటీఎస్ 2023లో ఉందానగర్ దాకా వచ్చింది. ఉందానగర్ స్టేషనంటే శంషాబాదు ఊరు, టెర్మినల్ కాదు. రాయదుర్గం నుంచి టెర్మినల్‌కి మెట్రో అని 2022 డిసెంబరులో శంకుస్థాపన చేశారు, ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారి ఆ మార్గాన్ని పక్కనపెట్టింది. పెట్టెలు మోసుకుంటూ రైలు దిగి టెర్మినల్లోకి నడిచి వెళ్ళిన ప్రయాణికుడు ఇప్పటిదాకా ఒక్కడు లేడు. ప్రైవేటు వాడి ఆదాయాన్ని కాపాడే నిబంధన పాతికేళ్ళకి పక్కాగా రాశారు. దారి వేస్తామన్న మాటని ఎక్కడా అంత పక్కాగా రాయలేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, మన టిక్కెట్టులోంచి పోయేది కాబట్టి. 2010 నవంబరు నుంచి యూడీఎఫ్ అనే వినియోగ రుసుం దేశీయ ప్రయాణికుడికి 430 రూపాయలు, విదేశాలకి వెళ్ళేవాళ్ళకి 1,700 అయింది. ఒకే ఊళ్ళో ఒకే ఎయిర్‌పోర్టు ఉన్నప్పుడు ధర ఎవరో ఒకరు అదుపు చెయ్యాలి, అందుకే ఎయిర్‌పోర్టుల ఆర్థిక నియంత్రణ సంస్థ అని ఒకదాన్ని పెట్టారు. దానికీ కంపెనీకీ మధ్య పేచీ ఏంటంటే, డ్యూటీ ఫ్రీ షాపులు, హోటలు, భూమి లాంటి వాటి మీద వచ్చే ఆదాయాన్ని లెక్కలో కలపాలా వద్దా అని. కలిపితే ప్రయాణికుడి మీద రుసుం తగ్గుతుంది. విడిగా ఉంచితే ఆ లాభం కంపెనీది, రన్‌వే ఖర్చు మనది. నియంత్రణ సంస్థ కలపాలంది. 2014 ఏప్రిల్ నుంచి యూడీఎఫ్ ఎత్తేసింది. కంపెనీ కోర్టుకెళ్ళింది, 2015లో మళ్ళీ వసూలు మొదలైంది. 5,495 ఎకరాల్లో రన్‌వేకీ టెర్మినల్‌కీ పోగా మిగిలిన నేల ఎవరి కోసం అన్న ప్రశ్న ఈ పేచీలోనే దాక్కుని ఉంది.

జనం మాత్రం ఆగలేదు. కోటీ ఇరవై లక్షలకని కట్టిన చోట 2023-24లో రెండున్నర కోట్ల మంది తిరిగారు. ఆ సంఖ్య చూశాక వరంగల్ వల్ల నష్టం వస్తుందని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. అయినా గీత గీతే. బీదర్ చూడండి. శంషాబాదుకి గగన దూరం 125 కిలోమీటర్లకి కాస్త తక్కువ. అక్కడ వాయుసేన స్థావరం పక్కన కట్టిన చిన్న టెర్మినల్ ఏళ్ళ తరబడి ఖాళీగా పడుంది. దారికి అడ్డంగా ఉన్న వాటిలో ఈ నిబంధన ఒకటి. 2020 ఫిబ్రవరిలో గానీ అక్కడినుంచి బెంగుళూరుకి విమానం ఎగరలేదు.

మామునూరు రన్‌వే మీద మామూలు విమానాలు ఆగిపోయింది 1981లో. రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశాలు, రేఖాంశాలు పెట్టి దూరం లెక్క కట్టి చూశాను. 145 కిలోమీటర్లు వచ్చింది. ఇంకో అయిదు కిలోమీటర్లు తూర్పుకి ఉండుంటే ఎవర్నీ అడగక్కర్లేదు. ఈ దేశంలో వరంగల్ అంత ఊళ్ళకి, ఇంకా చిన్న ఊళ్ళకి కూడా ఉడాన్ పథకంలో విమానాలొచ్చాయి. వరంగల్ విద్యార్థి, వరంగల్ రోగి, హనుమకొండలో ఆఫీసు పెడదామనుకున్న కంపెనీ, అందరూ శంషాబాదుకి రోడ్డు మీద మూడు నాలుగు గంటలు రావాల్సిందే. ఐటీని రెండో శ్రేణి ఊళ్ళకి తీసుకెళ్తామని ప్రతి ప్రభుత్వమూ చెప్పింది. క్లయింటు ఎలా వస్తాడన్న ప్రశ్నకి జవాబు మాత్రం వేరేవాళ్ళ సొరుగులో ఉండిపోయింది.

2022లో కేంద్రం శంషాబాదు కన్సెషన్‌ని ఇంకో ముప్పయ్యేళ్ళు పొడిగించింది. 2068 మార్చి దాకా ఎయిర్‌పోర్టు వాళ్ళదే. గీత గడువు మాత్రం 2033 మార్చి 23న తీరుతుంది. పొడిగింపు ఇచ్చేటప్పుడు దానికి బదులుగా ఆ గీత చెరిపెయ్యమని అడగడానికి అంతకన్నా మంచి అదును ఉండదు. 2024-25లో మామునూరుకి విడిగా కాగితం తెచ్చుకోవాల్సి వచ్చిందంటే, ఆ పని జరగలేదనేగా అర్థం.

ఇప్పుడు బేగంపేటలో వాయుసేన ఉంది, ముఖ్యమంత్రులూ ప్రధానమంత్రులూ దిగుతారు, రెండేళ్ళకోసారి విమానాల ప్రదర్శన జరుగుతుంది. మామునూరులో ఉన్న 696 ఎకరాలకి తోడు ఇంకో 253 ఎకరాలు తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో 205 కోట్లు మంజూరు చేసింది. జీఎంఆర్ కాగితం మామునూరు ఒక్కదానికే. వృత్తం లోపలున్న మిగతా ఊళ్ళలో ఇంకెవరికైనా ఎయిర్‌పోర్టు కావాలంటే 2033 దాకా ఆగాలి, లేదా వాళ్ళూ వెళ్ళి ఒక కాగితం అడగాలి.